పంతొమ్మిది సెకన్ల మోత

మోత 311

ఈ రోజు మోసింది మైలపల్లి నూకరత్నం తుంటి. అంకె తొమ్మిది.

ట్రిబ్యునల్ రిజిస్టర్లో అంతకన్నా రాయకూడదు. మోత నంబరు, ఏ అవయవం, ఎంత అంకె, సంతకం. మిగతాది అక్కర్లేదట. ఎవరికి అక్కర్లేదో తెలుసు కాబట్టే మిగతాది ఈ పుస్తకంలో రాస్తున్నాను. నా పేరు గేదెల పారమ్మ. ఇరవై నాలుగేళ్ళు. లాయరు కర్రి భానోజీరావు ఆఫీసులో మోతగత్తెని. ఎనిమిదితో బడి ఆగిపోయింది. చట్టం నేను సొంతంగా చదువుకున్నదే, తప్పులుంటే ఉంటాయి.

నూకరత్నం తీర రహదారి మీద లారీల మజిలీలో పనిచేసేది. తోలేవాడు లేని లారీలు వచ్చి ఆగుతాయి. సముద్రపు గాలికి వాటి కెమెరా కళ్ళ మీద ఉప్పు పేరుకుంటుంది. లారీకి పన్నెండు కళ్ళు, తడిగుడ్డతో తుడవాలి. పదకొండు నెలల క్రితం ఒక లారీ కన్ను తుడుస్తుండగా అది కదిలింది. ఎదురుగా ఏమీ కనపడలేదు కనక కదిలానని లారీ నివేదిక ఇచ్చింది. ఏం కనపడుతుంది? కంటి మీద ఆవిడ గుడ్డ ఉంది. కవచం బీమా కంపెనీ ఆ ముక్కే పట్టుకుంది. బండి కళ్ళు మూసింది ఆవిడే కనక గుద్దించుకున్నదీ ఆవిడేనట.

ఆసుపత్రిలో తుంటికి రేకు వేశారు. రేకు స్క్రూల్లో ఒకటి నరం మీద కూర్చుంది. మళ్ళీ తెరిచి సరిచెయ్యమంటే ఆసుపత్రి కాగితం పంపింది. స్క్రూ ఉండాల్సిన చోటే ఉంది, నరమే కొంచెం పక్కకి ఉంది అని. నేను దాన్ని మూడుసార్లు చదివాను, ఎవడైనా నవ్వులాటకి రాశాడేమోనని.

నొప్పి ఆరు అందుకుందని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే కాలు తెరిచి తీరాలి. అందుకోకపోతే అది భరించదగిన నొప్పి, ఫైలు మూత. నొప్పి ఎంతో రోగి చెబితే నమ్మరు. డాక్టరు చెప్పినా నమ్మరు. రోగి ఒంటి మీద నుంచి ముప్పై సెకన్ల నొప్పిని ముద్ర తీస్తారు. ఆ ముద్రని మాలాంటివాళ్ళం మణికట్టుకి పట్టీ కట్టుకుని మొయ్యాలి. అంకె మా నోరు చెప్పదు, మా నెత్తురూ చెమటా చూసి పట్టీయే చెబుతుంది. బాధితుడి తరఫున ఒకరు, బీమా తరఫున ఒకరు. రెండు అంకెలు కలిపి సగం చేస్తారు.

కవచం తరఫున మోసేది పొట్నూరు లోకనాథం. ఒకప్పుడు ఇనుము కరిగించే కొలిమిలో సగం ఒళ్ళు కాల్చుకున్న మనిషి. మోతగాడి సొంత జీవితంలో అతి పెద్ద నొప్పి ఏదో అదే వాడి పది. కొలిమి పది అయినవాడికి తుంటి ఎంత? ఈ రోజు అతని పట్టీ మూడు అంది. పట్టీ కట్టుకుని కునుకు తీస్తున్నట్టు కూర్చుంటాడు.

నా తొమ్మిది, అతని మూడు. సగం ఆరు. సరిగ్గా గీత మీద. ఇది దాఖలు చేసేందుకు మోసిన మోత మాత్రమే. విచారణ రోజున మళ్ళీ మొయ్యాలి, అప్పటి అంకే అంకె. విచారణకి ముప్పై నాలుగు రోజులుంది. బయటి డాక్టరు చూసి చెప్పాడు, ఆ నరం ఇంకో రెండు నెలలు బతుకుతుంది, తరవాత చచ్చిపోతుంది. చచ్చిన నరానికి నొప్పి ఉండదు. నొప్పి లేకపోతే కేసు లేదు. కాలూ ఉండదు.

నన్ను ఈ పనిలోకి తీసుకున్నది తెలివి చూసి కాదు. దెబ్బలు తగల్లేదని. మా అమ్మ జీడి ఫాక్టరీలో పిక్కలు కొట్టి అరచేతులు ఊడగొట్టుకుంది. నన్ను మాత్రం ఆ గేటు తొక్కనివ్వలేదు. నా జీవితంలో పెద్ద నొప్పి పదిహేనో ఏట పిప్పిపన్ను. అదే నా పది. పిల్లల్ని కన్నవాళ్ళని మా వైపు తీసుకోరు. కష్టపడి బతికినవాళ్ళనెవరినీ తీసుకోరు. ఒళ్ళు అరగనివాళ్ళు కావాలి మాకు, అరిగిపోయినవాళ్ళు కావాలి బీమా వాళ్ళకి. కూలివాడి నొప్పిని కూలివాడు తూస్తే తేలికైపోతుంది. అది న్యాయమని చట్టంలో రాసుకున్నారు.

సాయంత్రం భానోజీరావు గారు బల్ల మీద కాళ్ళు పెట్టుకుని మామూలుగా చెప్పేదే చెప్పారు. బండి గుద్దేది ఒక దెబ్బ, ఆసుపత్రి కొట్టేది రెండో దెబ్బ, మూడోది బీమా వాళ్ళది, వాళ్ళు మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి కొడతారు అని. ముప్పై ఏళ్ళుగా ఇదే చెబుతున్నారు. బాగానే ఉంటుంది వినడానికి. ఆయన మణికట్టు మీద మాత్రం ఒక్క పట్టీ మచ్చ లేదు. నాకు రెండు చేతులకీ నల్లగా గాజుల్లాగా పడిపోయాయి.

మోత 312

కవచం మనిషి మణిదీప్ ఆఫీసుకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, కుర్చీ లాక్కునేటప్పుడు కూడా చప్పుడు చెయ్యడు. బ్యాటరీల గిడ్డంగి కాలినప్పుడు లోపల ఉండిపోయిన కాపలాదారు కేసు మా దగ్గర ఉంది. పోరాడాల్సిన పనిలేదు, మీరడిగినదంతా ఒప్పుకుంటున్నాం అన్నాడు. రిజిస్టర్లో ఒక మోత పడితే చాలట. ఆ మోత ఎవరిదైనా పరవాలేదు గానీ, పారమ్మ గారి అంకె మీద మా కంపెనీకి గురి ఎక్కువ అన్నాడు.

గారు అన్నాడు. నేను పొంగిపోయాను. ఇక్కడ రాయకపోతే ఎక్కడ రాస్తాను?

పది దాటే మోతలు భానోజీరావు గారు నాకు ఎప్పుడూ ఇవ్వలేదు. పదికి లోపలివి ఎన్ని మోసినా ఏమీ కాదు. పది దాటింది ఒక్కటి మోస్తే చాలు, ఆ దాటిందే కొత్త పది అవుతుంది. మళ్ళీ కిందికి రాదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ మోతగాళ్ళలో ఒక ఒట్టుంది. కాలినవాళ్ళ మోత కాదనకూడదు, కూలి తీసుకోకూడదు. ఈ పని మొదలైన కొత్తలో కాలినవాళ్ళని ఎవరూ మొయ్యక వాళ్ళ నొప్పి లెక్కలోకే రాలేదని పెద్దవాళ్ళు పెట్టుకున్న ఒట్టు. నేనూ పట్టీ మీద చెయ్యి వేసి ఆ ఒట్టు వేశాను. పైగా పేరు పెట్టి అడిగారు.

భానోజీరావు గారు ఒక్క క్షణం నా వంక చూశారు. ఆపుతారనుకున్నాను. ఆపలేదు. అది ఆయన ముప్పై ఏళ్ళలో గెలిచే అతి పెద్ద కేసు.

నాలుగో సెకనులో పది వచ్చేసింది. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి. దాని గురించి ఏం రాయాలి? నాకు చర్మం ఉందని అంతకుముందు తెలియదు, అంత చర్మం ఉందని. పట్టీ విప్పాక ఆ పూటంతా ఒంటి మీద బట్ట ఆనితే కక్కుకున్నాను. ట్రిబ్యునల్ హాల్లో అద్దం అవతల ఆ కాపలాదారు పడుకుని ఉన్నాడు. నావి ముప్పై సెకన్లు, అతనివి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆఫీసులో స్వీట్లు పంచారు.

మోత 313

నెలకోసారి మా పట్టీలకి పరీక్ష ఉంటుంది. అందరికీ ఒకే ముద్ర ఇస్తారు, ఎవరిదో విరిగిన వేలు. మూడేళ్ళుగా ఆ వేలు నాకు ఐదు. ఈ రోజు రెండు.

పరీక్ష పెట్టే గుమస్తా మళ్ళీ కట్టాడు. రెండు. పట్టీ మార్చాడు. రెండే. రాసుకున్నాడు.

నాకు అప్పటికి అర్థమైంది. నా పది పెరిగిపోయింది.

మోత 316

రిటైరైన లెక్కల మాస్టారు. బస్సు తలుపు పక్కటెముకల మీద మూసుకుంది, ఆసుపత్రిలో రెండు ఎముకలు అతికించారు, మూడోది మర్చిపోయారు. నా పాత పది మీద తొమ్మిదిన్నర వచ్చేది. ఈ రోజు నాలుగు. లోకనాథం మూడు. కేసు పోయింది.

ఆయన హాల్లోంచి వెళ్ళబోతూ నా దగ్గర ఆగి, తిట్టకుండా, మర్యాదగా అడిగారు. "నాలుగేనా అమ్మా?"

లెక్కల మాస్టారికి అంకె మీద ఏం చెబుతాను?

బయట టీ బండి దగ్గర లోకనాథం ఉన్నాడు. కప్పు పట్టుకునే చేతికి వేళ్ళు మూడే. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. కావాలనే చేశారా అని అడిగాను. ఆయన టీ ఊదుకుంటూ నా వంక చూశాడు.

"పేరెట్టి పిలిచినారని పొంగిపోనావు. నన్నూ అలగే పిలిచినారు గుంటా."

తరవాత చెప్పింది ఇది. ఆ కాపలాదారు కేసులో కవచం ఓడిపోవాలనే ఓడిపోయింది. ఆ ఒక్కడికీ అడిగినంతా ఇచ్చేస్తే నా పది పెరుగుతుంది. నా చేతిలో ఇంకా విచారణకి రావాల్సిన కేసులు నూట నలభై ఉన్నాయి. కొత్త మోతగత్తె పేరు ఎక్కించుకోవాలంటే ఆరు నెలలు పడుతుంది. ఈలోగా ఆ నూట నలభైలో ఏదీ ఆరు అందుకోదు. ఒక్కడిని కొనుక్కుని నూట నలభై మందిని ఉచితంగా తీసుకున్నారు.

మన ఒట్టు సంగతి వాళ్ళకెవరు చెప్పారని అడిగాను.

"నానే. ఎందుకు చెప్పకూడదు? కాలినోడికి ఎవులో ఒకలు మొయ్యాలని పెట్టుకున్న ఒట్టు గదా. దాసుకోడానికి పెట్టుకున్నామేటి?"

అబద్ధం చెబుతున్నాడో నిజం చెబుతున్నాడో ఆ మొహం మీద పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. టీ డబ్బులు నావి కూడా ఆయనే ఇచ్చాడు. తీసుకోవద్దని బండివాడితో అని, నా కప్పు నేలకేసి కొట్టాను. ఆయన వంగి ముక్కలు ఏరాడు, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని.

మోత లేదు

భానోజీరావు గారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయనకి ముందే తెలుసు. స్వీట్ల రోజే తెలుసు.

"నిన్ను తిట్టట్లేదు పారమ్మా. తూనికరాయి అరిగిపోతే రాయిని తిడతామా? మార్చుకుంటాం."

నూకరత్నం సంగతి ఏమిటన్నాను. వాయిదా అడగొచ్చు గానీ నరం ఆగదు అన్నారు. పెద్ద కేసు గెలిచిన సంవత్సరంలో చిన్నవి కొన్ని పోతాయి, ఒక కాలు పోతే పోయింది, మనిషి ఉంది కదా అన్నారు. అంటూ గోళ్ళు కత్తిరించుకుంటున్నారు. ఒక గోరు కాస్త లోపలికి తెగితే అబ్బా అని వేలు నోట్లో పెట్టుకున్నారు.

నేను ఆ వేలు వంక చాలాసేపు చూశాను.

మోత లేదు

ట్రిబ్యునల్ నిబంధనల పుస్తకం మొత్తం ఎవరూ చదవరు. లాయర్లకి మొదటి పది చాలు. నేను చదివాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. పద్నాలుగో నిబంధన దొరికింది.

విచారణ రోజున మోతగత్తె పట్టీ కట్టుకోలేని స్థితిలో ఉంటే, అక్కడే హాజరైనవాళ్ళలో, బాధితుడికి బంధువు కానివాళ్ళని, ఎన్నడూ పట్టీ కట్టనివాళ్ళని ఒకరిని తన బదులు కూర్చోబెట్టొచ్చు. పేరు ఆమే చెప్పాలి. ఒక్క పేరే చెప్పాలి. ఆ మనిషి ముప్పై సెకన్లూ మొయ్యాలి. నిండకముందే పట్టీ తీసేస్తే మోత చెల్లదు, మూడు నెలల వాయిదా.

మా ఆఫీసులో టైపు చేసే కాంచనకి ఇరవై రెండేళ్ళు. నలుగురు అన్నల తరవాత పుట్టిన పిల్ల. కింద పడబోతే నేలని జరిపే ఇల్లు. బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కుతుంది. నా బదులు నువ్వు కూర్చోవాలని దానికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. మర్నాడు వచ్చి నన్ను మెట్ల కిందికి లాక్కెళ్ళింది.

"ఐసుగడ్డ పిడికిట్లో పట్టుకుని చూశానక్కా. తిమ్మిరెక్కింది గానీ ముప్పై అయ్యేదాకా వదల్లేదు. మూడుసార్లు చేశాను."

ఐసు వేరు, ఇది వేరు అన్నాను. తెలుసు, అయినా లెక్కపెట్టేటప్పుడు నాకు వేరే ఏదీ వినపడదు, చిన్నప్పటి నుంచీ అంతే అంది. పెదవి వణుకుతూనే ఉంది. నాకు నమ్మకం కుదిరింది. వణుకుతూ కూడా వచ్చినవాళ్ళు పారిపోరు.

భానోజీరావు గారికి ఉపాయం నచ్చింది. నిబంధన తానే కనిపెట్టినట్టు మధ్యాహ్నానికల్లా ఫోనులో ఎవరికో వినిపిస్తున్నారు.

బాధితులతో మేం మాట్లాడకూడదు. అంకె వంగిపోతుందని. నేను నూకరత్నం ఇంటికి వెళ్ళాను. గోడకి చేరగిలబడి కుడికాలు జాపుకుని చేపలు తోముతోంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, కూర్చున్న చోటు నుంచి లేవాలంటే ముందు తిట్టు ఒకటి తిట్టుకుని లేస్తుంది. నా చేతుల మీద మచ్చలు చూసి ఎవరో పోల్చేసింది.

"నా నొప్పి మోసింది నువ్వేనేటమ్మీ? మోసినదానివి మళ్ళీ నాకే ఎందుకిచ్చీసినావు?"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. విచారణకి నేను కూర్చోను, వేరే మనిషిని కూర్చోబెడతాను, అంకె తప్పకుండా వస్తుందని చెప్పాను. ఎవరని అడగలేదు. చేప పొట్ట చీలుస్తూ, నాకు అంకెలొద్దు, అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిపించుకోడాలొద్దు, లారీ దగ్గరికి మళ్ళీ నడిచెళ్ళి దాని కంట్లో ఉమ్మెయ్యాలి, దానికి కాలు కావాలి అంది.

మోత 320

నా మోత కాదు. రిజిస్టర్లో నా నంబరు కిందే పడింది కనక ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున్న జీడిపిక్కల నూనె రెండు మణికట్లకీ రాసుకున్నాను. అమ్మ ఫాక్టరీ వదిలేసినా దాని సీసా ఒకటి అటక మీద ఉంటుంది, చెదలకి. గంటలో పొక్కులు లేచాయి. అమ్మ చూసి, నిన్ను ఆ గేటు తొక్కనివ్వకుండా పెంచింది ఇందుకా అంది. నాకేమో అది ఒకటి కూడా కాదు.

హాల్లో లోకనాథం ముందు మోశాడు. మూడు. మాకు తొమ్మిది కావాలి.

నా పేరు పిలిచారు. చేతులు చూపించాను. ట్రిబ్యునల్ అధికారిణి పొక్కులు చూసి మొహం తిప్పుకుని, పద్నాలుగో నిబంధన పైకి చదివి వినిపించింది. మణిదీప్ మొదటిసారి కుర్చీ చప్పుడు చేశాడు. పేరు చెప్పమని నన్ను అడిగింది. హాల్లో పట్టీ కట్టనివాళ్ళు, బంధువులు కానివాళ్ళు మా వైపు ఇద్దరే. కాంచన, భానోజీరావు గారు. కాంచన గోడ పక్కన బెంచీ మీద కూర్చుని పెదవులు కదుపుతోంది. అప్పుడే లెక్కపెట్టుకుంటోంది.

నేను నోరు తెరిచేలోగా భానోజీరావు గారు లేచారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. విలేఖరులు ఇద్దరు వచ్చారు మరి, గిడ్డంగి కేసు గెలిచిన లాయరని. మాట్లాడారు. తోలేవాడు లేని బండికి జాలి ఉండదన్నారు. కత్తి పట్టినవాడికి జవాబుదారీ లేదన్నారు. నొప్పిని అంకెల్లోకి దించిన బీమా వ్యాపారం గురించి ఐదు నిమిషాలు చెప్పారు. అన్నీ నిజాలే. ఆఖరికి గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"పదకొండు నెలలుగా ఈ తల్లి కాలిని నేనే ఈడుస్తున్నాను. ఆవిడ నొప్పి నా నొప్పి."

అని, అటు చూడకుండానే, ఫైలు పట్టుకురమ్మన్నట్టు కాంచనని వేలితో పిలిచారు. ఆ గోరు తెగిన వేలే.

నేను "కర్రి భానోజీరావు" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు నూకరత్నం గుర్తులేదు. కాంచన వణుకుతూ నేర్చుకున్న ముప్పై గుర్తులేదు. ఆయన ఒక్కసారి అరవాలి, నేను చూడాలి. అంతే ఉంది నా తలలో.

ఒక్క పేరే చెప్పాలి. చెప్పేశాను. ఆయన నా వంక చూసి నవ్వబోయారు, పొరపాటు పడ్డానేమో అన్నట్టు. కాదంటే మోత చెల్లదని అధికారిణి గుర్తుచేసింది. విలేఖరులు చూస్తున్నారు. కోటు విప్పి కూర్చున్నారు.

మూడో సెకనుకి పది. మాకు కావాల్సింది తొమ్మిదే. గోరు తెగడం పది అయినవాడికి తుంటి ఎంతవుతుంది? ఐదో సెకనుకి అరిచారు. ఎనిమిదికి కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోతే ఇద్దరు పట్టుకున్నారు. పంచె తడిసింది.

మొదటి పది సెకన్లు నాకు హాయిగా ఉంది. దాచను. మూడేళ్ళ నుంచి మోసినవన్నీ దిగిపోతున్నట్టు ఉంది. పదకొండో సెకనుకి గుర్తొచ్చింది. ఆ కుర్చీలో ఊగుతున్నది ఆయన కాదు, నూకరత్నం కాలు. ఆగండి, ఇంకొంచెమే, లెక్కపెట్టండి అని నేనే అరిచాను. కాంచన బెంచీ మీద నుంచి లేచి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పదిహేను, పదహారు, పదిహేడు. ఆయనకి వినపడలేదు. పంతొమ్మిది దగ్గర పట్టీని పళ్ళతో పీకేశారు.

తెర మీద పది అని ఉంది. పక్కన అసంపూర్ణం అని ఉంది.

మూడు నెలల వాయిదా. మణిదీప్ లేచి వచ్చి భానోజీరావు గారి చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు. నూకరత్నం కర్ర పట్టుకుని మెల్లగా ఆయన దాకా వెళ్ళింది. కొడుతుందనుకున్నారు అందరూ.

"పంతొమ్మిదంటండి బావూ. ఇరవై దాకా లెక్క రాదేటి మీకు?"

ఆయన గ్లాసులో మొహం పెట్టుకుని ఏడుస్తున్నారు. ఆవిడ నా వంక చూడలేదు. నేనే ఆ పేరు చెప్పానని విన్నది గానీ, నాకు వేరే దారి లేక చెప్పాననుకుంది. కాంచన నన్ను ఒక్కటే అడిగింది, నేను వద్దా అక్కా అని.

మోత 321

వాయిదా రోజు. నలభై రోజుల కిందటే నూకరత్నానికి నొప్పి తగ్గిపోయిందట. ఒక రోజు పొద్దున్న లేచి, తిట్టుకోకుండా నిలబడి, హాయిగా ఉందని అనుకుని, రెండో అడుగు వెయ్యబోయి పడిపోయిందట. అప్పటి నుంచి ఆ పాదం వేలాడుతోంది, ఎక్కడ పెడితే అక్కడుంటుంది.

భానోజీరావు గారు రాలేదు. ట్రిబ్యునల్‌కి ఆయన మళ్ళీ రాలేదు. ఆఫీసులో కూర్చుని, పది వచ్చే నొప్పిని పంతొమ్మిది సెకన్లు మోసిన లాయరు దేశంలో తనొక్కడేనని వచ్చినవాళ్ళకి చెబుతున్నారు. ఫైలు మూయాలన్నా ఒక మోత ఉండాలి కనక నన్ను పంపారు. మణికట్లు మానాయి.

లోకనాథం సున్నా. నేను సున్నా. ముప్పై సెకన్లూ పట్టీ వంక చూస్తూ కూర్చున్నాను, ఏదైనా ఒక చురుకు, ఒక దురద వస్తుందేమోనని. చెక్కని కట్టుకున్నట్టుంది.

నయమైనదిగా నిర్ధారణ, మోతగత్తె సంతకం అని కాగితం వచ్చింది. పట్టీ సున్నా అంటే నేను వేరే రాయడానికి లేదు. సంతకం పెట్టాను. లోకనాథం తన సంతకం పెట్టి కలం మూత బిగించి, అలవాటవుద్ది గుంటా అని వెళ్ళిపోయాడు.

బయట మెట్ల దగ్గర నూకరత్నం రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. ఆటో కోసం. నేను దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆ రోజు లేచి లెక్కపెట్టిన పిల్ల, కాంచన ఉంది అప్పా. ముప్పై మోసేది. నేను దాని పేరు చెప్పాల్సింది. ఆయన మీద కోపంతో ఆయన పేరు చెప్పాను. ఆయన అరుస్తుంటే చూడాలనిపించింది. వేరే దారి లేక కాదు.

ఆవిడ మొదట అర్థం కానట్టు చూసింది. తరవాత, మోసేదేటి నిజంగా, ఆ గుంట, అని అడిగింది. మోసేది అన్నాను.

కొట్టింది. చెంప మీద, ఒళ్ళంతా కూడగట్టుకుని. చేపలు తోమిన చెయ్యి, గరుకు. నా తల గోడకి తగిలింది.

"అంకె సెప్పు."

ఆవిడకి అబద్ధం చెప్పదలచుకోలేదు. ఒకటి అన్నాను. నిజానికి అదీ ఎక్కువే.

ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ చెయ్యెత్తింది గానీ రెయిలింగు వదిలితే కాలు నిలవలేదు, పక్కకి ఒరిగిపోయింది. నేను పట్టుకుని నిలబెట్టాను. నా భుజం ఆవిడ చేతి కిందికి తెచ్చి, పట్టుకోమన్నాను.

ఎడమచేత్తో నా భుజం పట్టుకుని, కుడిచేత్తో కొట్టింది.